చేయెత్తిన పిల్లలు

మన కథలలోని మంచి రాజులకు ఒక అలవాటు కలదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వారు మారువేషము ధరించి, మంత్రిని మాత్రము వెంట బెట్టుకొని నగరవీథులలో సంచరింతురు. అరుగులమీది మాటలు విందురు. దీపము వెలుగని యింటి గుమ్మముకడ నిలుతురు. పగలు కొలువుకూటములో దొరకని సత్యము రాత్రి పూరియింటి గోడకు చెవి నొగ్గినవానికి దొరకునని మన కథకుల నమ్మకము. రాజు వచ్చుచున్నాడని ముందుగా తెలిసిన వీథి అసలైన వీథి కాదు. అది రాజుకొఱకు కట్టిన తోరణము.

ఈ సంగతి ఉపాధ్యాయులకు వేఱుగా చెప్ప నక్కఱలేదు. తనిఖీ అధికారి వచ్చు దినమున పాఠశాల ముఖమే మాఱిపోవును. గోడలకు సున్నము పడును. చినిగిన పటముల స్థానమున క్రొత్త పటములు వ్రేలాడును. చురుకైన పిల్లలు ముందు బల్లలకు వత్తురు. అంతకు ముందే రెండుసార్లు చెప్పిన పాఠము మూడవసారి తొలిసారివలె నడచును. అధికారి సంతోషించి, పుస్తకములో రెండు మంచి వాక్యములు వ్రాసి సెలవు తీసికొనును. దీనివలన లోకమునకు వచ్చిన పెద్ద హాని లేదు. సాయంకాలము గంట కొట్టగానే పిల్లలు ఇండ్లకు పోవుదురు. ఇంట తల్లి యుండును. పగలు జరిగిన దంతయు ఆమెకు చెప్పుకొందురు.

కాని గంట కొట్టిన తరువాత పోవుటకు ఇల్లు లేని పిల్లలు కూడ ఉన్నారు. తల్లిదండ్రులు గతించినవారు, తప్పిపోయినవారు, విడువబడినవారు, పేదఱికముచే ఏదో యొక ఆశ్రమమునకు అప్పగింపబడినవారు. వారికి ఇల్లును, ఆసుపత్రియు, ఆటస్థలమును ఒకే ప్రహరీగోడలోపల నుండును. ఆ గోడలోపల అన్యాయము జరుగుచున్నదని ఫిర్యాదు వచ్చినప్పుడు, విచారణకు పోయిన అధికారి ఎవరి మాట వినవలెను? నిర్వాహకుని మాటయా, దస్త్రముల మాటయా, పిల్లల మాటయా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటలో ఆలస్యమైన ప్రతిసారియు నష్టపోయినవారు పిల్లలే. అందులకు నూట డెబ్బదియైదు సంవత్సరములకు పూర్వపు నిదర్శన మొకటి, మన కాలపు నిదర్శన మొకటి కలవు.

టూటింగు గ్రామములో

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో నిరుపేదల పోషణభారము స్థానిక సంఘములమీద నుండెను. ఆ సంఘములను యూనియనులని, వాటిని నడపు పెద్దలను గార్డియనులని పిలిచెడివారు. లండను నగరములోని పలు యూనియనులు తమ ఆశ్రయములోని పిల్లలను తమయొద్ద నుంచుకొనక, నగరము వెలుపలి ప్రైవేటు గృహములకు కంట్రాక్టు పద్ధతిపై అప్పగించుచుండెను. అట్టి గృహములలో పెద్దది లండనునకు దక్షిణమున, నాడు సర్రే మండలములో చేరియున్న టూటింగు గ్రామమున నుండెను. దాని యజమాని బార్తలొమ్యూ పీటర్ డ్రూయే. 1848 చివరినాటికి అచట సుమారు 1,400 మంది పిల్లలుండిరి. ఒక్కొక్కరికి వారమునకు నాలుగున్నర షిల్లింగుల చొప్పున యజమానికి ముట్టుచుండెను. ఇందలి గణితము కఠినమైనది కాదు. పిల్లవాని పళ్లెములో తగ్గిన ప్రతి రొట్టెముక్కయు యజమాని పెట్టెలో లాభముగా చేరును.

1848 మే నెలలో హోబర్ను యూనియనుకు చెందిన గార్డియనులు కొందఱు తమ పిల్లల నెట్లు చూచుచున్నారో తెలిసికొనుటకు టూటింగు వెళ్ళిరి. అది భోజనవేళ. పిల్లలు నిలువబడియే తినుచుండిరి. వడ్డించిన బంగాళాదుంపలను గార్డియను ఒకరు కోసి చూడగా అవి తినదగినవిగా లేవు. అంతట ఆయన మగపిల్లలను ఉద్దేశించి, ఎవరికైన కష్టమున్నచో చేయి యెత్తుడని చెప్పెను. ముప్పది, నలువదిమంది వఱకు చేతులెత్తిరి. చాలినంత రొట్టె పెట్టుటలేదని వారి మొఱ.

ఆ సమయమున యజమాని అచటనే యుండెను. అతడు మండిపడి, చేయెత్తినవారే బడిలో అందఱికంటె చెడ్డ పిల్లలని పలికెను. విచారణ అంతటితో నిలిచిపోయెను. గార్డియనులు లండనుకు తిరిగిపోయిరి. చేతులెత్తిన పిల్లలు మాత్రము ఆ యజమాని యింటనే, ఆ యజమాని దయమీదనే మిగిలిపోయిరి.

అడుగనిదే అమ్మయినను పెట్టదని మన సామెత. టూటింగు పిల్లలు అడిగిరి. అడిగినందులకు చెడ్డవారనిపించుకొనిరి. డికెన్సు వ్రాసిన ‘ఆలివర్ ట్విస్టు’ నవల చదివిన విద్యార్థులకు ఇది ఎఱిగిన దృశ్యమే. ఆ నవల పత్రికలో వెలువడుట 1837లో ప్రారంభమై 1839లో ముగిసినది. గంజి మరికొంచెము కావలెనని అడిగిన ఆలివరును చూచి కన్నీరు పెట్టని పాఠకుడు ఇంగ్లండులో లేడనియే చెప్పవచ్చును. అయినను పదేండ్లలోపలనే, కల్పనకాని పిల్లలు నలువదిమంది అదే మాట అడిగినప్పుడు వినదగినవారు వినలేదు.

కొలతకఱ్ఱ పట్టిన వైద్యుడు

1848 డిసెంబరు చివరివారములో ఆ గృహమున కలరా ప్రవేశించెను. నాటి ఆరోగ్య మండలి తన వైద్యాధికారియగు రిచర్డు డ్యూగార్డు గ్రెయింజరును అచటికి పంపెను. ఆయన యజమాని మాటలతో తృప్తిపడలేదు. గదులు గదులుగా తిరిగి చూచెను. ఒక్కొక్క మంచముపై ముగ్గురు, నలుగురు పిల్లలు పడియుండిరి. రోగులకును ఆరోగ్యవంతులకును నడుమ తగిన ఎడము లేదు. గాలి లేదు. పరిచర్య చేయువారు చాలరు. ఎంతమంది పిల్లలు, ఎన్ని మంచములు, ఎంత గది అని లెక్కించినవానికి ఈ స్థితి దాగునది కాదు. పిల్లలను వెంటనే అచటినుండి తరలింపవలెనని ఆయన చెప్పెను. కాని ఆజ్ఞాపించి చేయించు అధికార మాయనకు లేదు. తరలింపు ఆలస్యమయ్యెను. 1849 జనవరి నెల గడచులోపల 150 మందికి పైగా పిల్లలు మరణించిరి.

మరణములు జరిగిన సర్రే మండలములో, మరణకారణములను విచారింపవలసిన కారొనరు విచారణ అవసరము లేదని ఊరకుండెను. సత్యము వెలుగులోనికి వచ్చుట ఒక విధముగా దైవికమే. హోబర్ను యూనియను తన పిల్లలను లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రికి తెప్పించెను. వారిలో కొందఱు అచట చనిపోయిరి. ఆ ఆసుపత్రి మఱియొక కారొనరు పరిధిలోనిది. ఆయన తామస్ వేక్లీ, ‘లాన్సెట్’ అను ప్రసిద్ధ వైద్యపత్రికను 1823లో స్థాపించినవాడు, స్వయముగా వైద్యుడు. వేక్లీ సాక్షులను పిలిపించి విచారించెను. ఆ విచారణలోనే, ఎనిమిది నెలలకు పూర్వము చేతులెత్తిన పిల్లల కథ బహిరంగమయ్యెను. మరణములకు యజమానియే బాధ్యుడని, అతనిపై నరహత్యా నేరము మోపవలెనని జ్యూరీ తీర్పు చెప్పెను.

1849 ఏప్రిలులో లండను నేరస్థాన న్యాయస్థానమున విచారణ జరిగెను. యజమాని నిర్దోషిగా విడుదలయ్యెను. పిల్లవానికి మంచి తిండి పెట్టి, మంచి గాలిలో నుంచిన మాత్రమున కలరానుండి బ్రతికియుండెడివాడని రుజువు చేయుట సాధ్యము కాలేదనునదే అందులకు కారణము. ఈ వ్యవహారముపై డికెన్సు ‘ఎగ్జామినరు’ పత్రికలో 1849 జనవరి, ఏప్రిలు నెలల మధ్య నాలుగు వ్యాసములు వ్రాసెను. మొదటిదానికి ‘టూటింగులోని స్వర్గము’ అని వెక్కిరింపుగా పేరు పెట్టెను. తరువాత వ్రాసిన ‘బ్లీక్ హౌస్’ నవలలో టూటింగులో పెరిగిన గస్టరు అను పనిపిల్లను సృష్టించెను. మూర్ఛలతో బాధపడు ఆ అమాయకురాలిలో, మరణింపక మిగిలినవారి బ్రతుకు ఎట్టిదో చూపెను. అదే 1849లో బ్రిటిషు పార్లమెంటు, ఇట్టి ప్రైవేటు గృహములను అదుపు చేయు అధికారమును ప్రభుత్వపు పేదల మండలికి కల్పించుచు ఒక చట్టము చేసెను.

ఈ కథలో ఇద్దఱు పరిశీలకులు గలరు. గార్డియనులు పిల్లలను అడిగిరి, కాని యజమాని యెదుటనే యడిగిరి. పిమ్మట వారిని అతనికే వదలి వెళ్ళిరి. గ్రెయింజరు కన్నులతో చూచి, లెక్కించి, నిజము గ్రహించెను, కాని అతని చేతిలో అధికారము లేదు. వినుట, చూచుట, చర్య తీసికొనుట అను మూడును ఒకచోట కూడలేదు. ఆ మూడింటిలో ఏ యొక్కటి తక్కువయినను తనిఖీ కాగితముపై మిగిలిపోవును.

మన చట్టము చెప్పునది

అనాథబాలల పోషణము రాజధర్మమను భావము మనకు క్రొత్తది కాదు. బాలురను, వృద్ధులను, ఆపన్నులను, అనాథలను రాజు పోషింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. ఆధునిక కాలమున భారతదేశములో పిల్లలకొఱకు ప్రత్యేక చట్టము చేసిన మొదటి రాష్ట్రము నాటి మద్రాసు. 1920నాటి ఆ చట్టము చేయబడినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోని భాగములే. స్వాతంత్ర్యానంతరము 1960లో అనాథశరణాలయముల పర్యవేక్షణకు కేంద్ర చట్ట మొకటి వచ్చెను. 1986లోను, 2000లోను బాలల న్యాయ చట్టములు వచ్చెను. నేడు అమలులోనున్నది 2015నాటి బాలల న్యాయ చట్టము. ఇది 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చెను.

ఈ చట్టము ప్రకారము, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకొను ప్రతి సంస్థయు, ప్రభుత్వ ధనము పుచ్చుకొన్నను పుచ్చుకొనకున్నను, రిజిస్టరు కావలెను. కానిచో నిర్వాహకులకు ఒక సంవత్సరము వఱకు కారాగారమో, లక్ష రూపాయలకు తక్కువ గాని జరిమానాయో, రెండునో విధింపవచ్చును. రాష్ట్రమునకును జిల్లాలకును తనిఖీ సంఘములుండవలెను. సంఘము మూడు నెలలకొక పర్యాయమైనను ప్రతి సంస్థను దర్శింపవలెను. దర్శించు బృందములో ముగ్గురికి తక్కువ కాకుండ సభ్యులుండవలెను. వారిలో ఒక స్త్రీయు, ఒక వైద్యాధికారియు తప్పక యుండవలెను. వారము దినములలో నివేదిక పంపవలెను. దానిపై నెలలోపల చర్య తీసికొనవలెను. ఇదిగాక, జిల్లా బాలల సంక్షేమ సంఘము నెలకు రెండు తనిఖీలకు తక్కువ కాకుండ చేయవలెను. పిల్లలతో మాటలాడి వారి క్షేమము తెలిసికొనవలెనని నియమములు చెప్పుచున్నవి. పిల్లలు తమ మనవులు వ్రాసి వేయుటకు ఒక పెట్టె యుండవలెననియు, దాని తాళపుచెవి జిల్లా అధికారి అధ్యక్షుడుగా గల నిర్వహణ సంఘము అధీనమున నుండవలెననియు కూడ ఏర్పాటు గలదు.

టూటింగునాటి గ్రెయింజరు మాటకు లేని బలము నేటి తనిఖీ సంఘపు నివేదికకు చట్టములో నున్నది. చూచుటకు ఏర్పాటున్నది, వినుటకు ఏర్పాటున్నది, చర్యకు గడువున్నది. ఐతే చట్టములో నున్నదంతయు ఆచరణలో నున్నదా? కేంద్రప్రభుత్వము చేయించిన గణనలో దేశమున 9,589 బాలల గృహములు లెక్కకు వచ్చెను. వాటిలో సుమారు 3 లక్షల 70 వేలమంది పిల్లలుండిరి. 2016లో ఆ గృహములలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే ఈ చట్టము క్రింద రిజిస్టరయి యుండెనని 2018లో వెలువడిన నివేదిక తెలిపెను. తమిళనాడులోని అనాథశరణాలయములలో పిల్లలపై అత్యాచారములు జరుగుచున్నవని 2007లో వెలువడిన ఒక పత్రికా వ్యాసమును ఆధారము చేసికొని సుప్రీముకోర్టు విచారణ ప్రారంభించెను. ఆ వ్యాజ్యములో 2017 మే 5న తీర్పు చెప్పుచు, తనిఖీ సంఘములను వెంటనే నియమింపవలెనని రాష్ట్రముల నన్నిటిని ఆదేశించెను. ఒక ఫిర్యాదు తీర్పుగా మాఱుటకు పదేండ్లు పట్టెను.

ముజఫర్‌పురము

ఆ తీర్పు వెలువడిన సంవత్సరమే బీహారు ప్రభుత్వము తన రాష్ట్రములోని 110 ఆశ్రయగృహముల సామాజిక తనిఖీని బొంబాయిలోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థకు అప్పగించెను. ఆ సంస్థకు చెందిన ‘కోశిశ్’ బృందము రాష్ట్రమంతట తిరిగి, 2018 ఏప్రిలులో నివేదిక సమర్పించెను. పదునేడు గృహములలోని స్థితి తీవ్రమైన ఆందోళన కలిగించునదిగా నున్నదని ఆ నివేదిక తెలిపెను. వాటిలో ముజఫర్‌పురమునందలి బాలికాగృహ మొకటి. మే నెలాఖరున పోలీసులు కేసు నమోదు చేసిరి. వైద్యపరీక్షలలో ముప్పదిమందికి పైగా బాలికలు అత్యాచారమునకు గురియైనట్లు తేలెను. కేసు ఢిల్లీ న్యాయస్థానమునకు బదిలీ కాగా, 2020 జనవరిలో 19 మంది దోషులని తీర్పు వచ్చెను. నిర్వాహకునకు, మఱికొందఱికి ఫిబ్రవరిలో యావజ్జీవ శిక్ష పడెను.

ఇందులో తలవంచుకొనవలసిన విషయము వేఱొకటి గలదు. ఆ గృహము అడవిలో లేదు. పట్టణము నడుమ నున్నది. అది ప్రభుత్వధనముతో నడచుచుండెను. అధికారులు రాక మానలేదు. దోషులుగా తేలినవారిలో ఆ జిల్లా బాలల సంక్షేమ సంఘపు మాజీ అధ్యక్షుడును, బాలల సంరక్షణాధికారి యొకడును గలరు. తనిఖీ చేయవలసినవారే వారు. కంచెయే చేను మేయుట అన నిదియే.

క్రొత్తగా వచ్చిన బృందము పూర్వపు అధికారులకు కానరానిది ఎట్లు కనుగొనెను? వారి చేతిలో పోలీసుల లాఠీ లేదు. న్యాయస్థానపు వారంటు లేదు. వారు పిల్లలతో కూర్చుండి మాటలాడిరి. పిల్లల మాటను నివేదికలోని సాక్ష్యముగా స్వీకరించిరి. ఆ నివేదిక అందఱిని ఒకే గాట కట్టలేదు. పిల్లలను చక్కగా చూచుకొనుచున్న గృహములను కూడ వేఱుగా పేర్కొనెను. సరియైన తనిఖీ దోషిని పట్టుటయే కాక, మంచివానికి మంచి పేరు కూడ తెచ్చును.

ఫిర్యాదు వచ్చిన తరువాత

ఈ రెండు నిదర్శనములనుండి తనిఖీ పద్ధతి యొకటి స్పష్టమగుచున్నది. మొదటిది, ముందుగా కబురు పంపకుండుట. ఫిర్యాదు అందిన తనిఖీకి లేఖ వ్రాసి, దినము నిర్ణయించి పోవుట దొంగకు దీపము పట్టుట వంటిది. భోజనవేళ పోయిన వంట తెలియును. రాత్రివేళ పోయిన పడక తెలియును. సెలవుదినమున పోయిన కావలి తెలియును. కార్యాలయమువారు పని చేయు పదిగంటలకే పోయినవానికి కార్యాలయము మాత్రమే తెలియును.

రెండవది, దస్త్రమును వస్తువుతో పోల్చి చూచుట. హాజరుపట్టీలో నలువదిమంది యున్నచో కంచములు నలువది యున్నవా, పక్కలు నలువది యున్నవా, దండెములమీద ఆరు బట్టలు నలువదిమందివేనా? నిల్వ పుస్తకములో రెండు బస్తాల బియ్యమున్నచో కొట్టుగదిలో రెండు బస్తాలున్నవా? స్నానపుగది తలుపునకు లోపలి గడియ యున్నదా? పడకగదికి వెలుపలి తాళ మున్నదా? మందుల పుస్తకములో ఒకే పిల్లకు మాటిమాటికి నిద్రమందు ఏల ఇచ్చిరి? పాఱిపోయినట్లు వ్రాసిన పిల్లను గూర్చి పోలీసులకు తెలిపిరా? గోడ సున్నము అబద్ధము చెప్పవచ్చును. కంచముల లెక్క చెప్పలేదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పిల్లలతో ఒంటరిగా మాటలాడుట. నిర్వాహకుడు గాని, వంటమనిషి గాని, కాపలావాడు గాని చెవి వేయు దూరములో నుండరాదు. బాలికలతో స్త్రీయే మాటలాడవలెను. పిల్లవాని భాష తెలిసినవారుండవలెను; మాట రాని పిల్లవానికి సంజ్ఞల భాష తెలిసినవారుండవలెను. అందఱితో మాటలాడవలెను; ఒక్కని పిలిచినచో ఫిర్యాదు చేసినవాడు వాడేయని గోడలకు కూడ తెలిసిపోవును. నిన్ను కొట్టుచున్నారా యని అడిగిన పిల్లవాడు లేదనును. నిన్న రాత్రి ఏమి తింటివి, నీకు జ్వరము వచ్చినప్పుడు ప్రక్కన ఎవరుందురు, నీకు ఎవరనిన ఇష్టము, ఎవరు వచ్చిన దాగికొందువు అని యడిగినచో తానే చెప్పుకొనివచ్చును. ఒక్కొకప్పుడు ఏమియు చెప్పడు. ఆ మౌనమును కూడ వ్రాసికొనవలెను. ఇరువదిమంది పిల్లలు ఒకే వాక్యమును ఒకే వరుసలో అప్పగించినచో, ఆ పాఠము చెప్పిన పంతులెవరో వెదకవలెను.

నాలుగవది, మరల పోవుట. టూటింగు గార్డియనులు చేసిన పెద్ద లోపమిదియే. తనిఖీ బృందము గేటు దాటిన క్షణమునుండి, నోరు విప్పిన పిల్లవానికి అసలు పరీక్ష ప్రారంభమగును. వారములోపల మరల వచ్చి, ఆ పిల్లవాడు ఎచట నున్నాడు, ఎట్లున్నాడు, వాని ఒంటిమీద క్రొత్త దెబ్బలున్నవా యని చూడవలెను. అపాయము తోచినచో పిల్లలను ఆ దినముననే వేఱొక చోటికి తరలింపవలెను. నేడు మాటలాడి రేపు దెబ్బలు తిన్న పిల్లవాడు మఱి యెన్నడును మాటలాడడు. వానిని చూచిన తక్కినవారును మాటలాడరు.

నిర్వాహకుని మాట వినరాదని దీని యర్థము కాదు. ఫిర్యాదులన్నియు నిజములు కావు. ఓర్వలేనితనముతో వ్రాసిన ఆకాశరామన్న ఉత్తరములు ఉండును. చాలీచాలని జీతముతో, తన బిడ్డలతోపాటు ఏబదిమంది పరాయి బిడ్డలకు తలలు దువ్వు వార్డెనమ్మలున్నారు. గ్రాంటు ఆలస్యమైనప్పుడు కిరాణాకొట్టులో తన పేర అప్పు వ్రాయించి పిల్లలకు అన్నము పెట్టు మేనేజర్లున్నారు. అట్టివారికి తనిఖీ శత్రువు కాదు, సాక్షి. వారి మాట ఆసాంతము వినవలెను, వ్రాసికొనవలెను. కాని పిల్లల మాట వినిన తరువాత వినవలెను; పిల్లల మాటకు బదులుగా వినరాదు.

బడి తలుపు

బాలల గృహములోని పిల్లలలో చాలమంది పగటివేళ ఊరిబడికి వత్తురు. ప్రహరీగోడ దాటి వారు వచ్చు చోటు అదియొక్కటే. తనిఖీ సంఘము మూడు నెలలకొకసారి చూచు పిల్లవానిని ఉపాధ్యాయుడు ప్రతిదినము చూచును. నిన్నటివఱకు ముందు బల్లపై కూర్చున్న పిల్ల నేడు వెనుక మూలకు పోవుట, సెలవులు వచ్చుచున్నవనిన అందఱు కేరింతలు కొట్టుచుండగా ఒకడు మాత్రము ముఖము వ్రేలవేయుట, మధ్యాహ్న భోజనములో సగము చొక్కాజేబులో దాచుకొనుట, బొమ్మ గీయుమనిన ప్రతిసారియు తాళము వేసిన తలుపు గీయుట, ఇవి ఏ దస్త్రములోను ఉండవు. ఇవి ఉపాధ్యాయుని కంటబడును.

చట్టము కూడ ఈ బాధ్యతను ఉపాధ్యాయునిపై నుంచినది. పిల్లలపై లైంగిక నేరము జరిగినదని గాని, జరుగగలదని గాని సందేహము కలిగిన ఎవరైనను పోలీసులకు తెలుపవలెనని 2012నాటి చట్టము విధించినది. నేరము జరిగినట్లు తెలిసియు చెప్పకుండుట ఆఱు నెలల వఱకు కారాగారమునకు తగిన నేరము. సంస్థకు అధిపతియై యుండి, తన క్రింది ఉద్యోగి నేరమును దాచినచో సంవత్సరము వఱకు శిక్ష గలదు. పిల్లవాడు చెప్పినది తరువాత నిజము కాదని తేలినను ఆ పిల్లవానికి శిక్ష లేదు. పిల్లల పేర్లను, ఆనవాళ్లను వెల్లడింపరాదను నిబంధనయు గలదు. 1098 అను ఫోను సంఖ్యకు ఏ వేళనైనను, డబ్బు లేకుండ, పెద్దవారు గాని పిల్లలు గాని ఫోను చేయవచ్చును. ఆ నాలుగంకెలు ఎక్కముల పట్టికతోపాటు ప్రతి తరగతిగోడమీద నుండదగినవి.

విద్యార్థులకును ఇందులో పని గలదు. ఆశ్రమమునుండి వచ్చిన తోటిపిల్లవాడు తన కష్టమును ముందుగా చెప్పుకొనునది పంతులుగారితో కాదు; ప్రక్కన కూర్చున్న స్నేహితునితో. ఆ రహస్యము దాచుట స్నేహధర్మమని పిల్లలు తలంతురు. పండుగనాటి కానుకను, పరీక్షలో వచ్చిన మార్కులను దాచవచ్చును. దెబ్బను దాచరాదు. నమ్మకమైన పెద్దవారొకరికి చెప్పుటయే ఆ స్నేహమునకు తగిన పని.

తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్న వేయును. చేతులు లేచును. ప్రతిదినము జరుగు ఈ చిన్న క్రియను ఎవరును గొప్పగా నెంచరు. కాని చేయెత్తినవానిని అవమానింపని ఉపాధ్యాయుడు, తప్పు జవాబు చెప్పినవానిని కూడ కూర్చుండుమని మృదువుగా పలికెడి ఉపాధ్యాయుడు, ఆ పిల్లవానికి పాఠముకంటె పెద్ద సంగతి నేర్పుచున్నాడు. మాటలాడినందువలన కీడు రాదని నేర్పుచున్నాడు. ఆ నమ్మకము కలిగిన పిల్లవాడు రేపు ఏ గోడలోపల నున్నను, ఏ అధికారి వచ్చి యడిగినను, చేయి యెత్తగలడు. ఎత్తిన ఆ చేతిని నిర్వాహకుని కోపమునకు విడిచిపెట్టక, తన చేతిలోనికి తీసికొనగలవాడే తనిఖీదారు.